చూపునకు ముందున్న ప్రశ్న

మాస్కో నగరమునందలి త్రెత్యకోవ్ చిత్రశాలలో ఇల్యా రేపిన్ చిత్రించిన పెద్ద తైలవర్ణచిత్రమొకటి యున్నది. ‘ఎదురుచూడలేదు’ అని దాని పేరునకు అర్థము. 1884లో తొలిసారి ప్రదర్శింపబడిన ఆ చిత్రమున, ప్రవాసశిక్ష ననుభవించి ఎన్నాళ్లకో యింటికి తిరిగివచ్చిన యొక పురుషుడు, మాసిన పొడవుకోటుతో, లోతుకు పోయిన కన్నులతో, గదిలోనికి అడుగు పెట్టుచున్నాడు. తలుపుపిడి వదలని పనికత్తె, ఇతనిని లోనికి రానిచ్చుట తగునో తగదో యన్నట్లు చూచుచున్నది. నల్లని దుస్తులు ధరించిన వృద్ధురాలు కుర్చీనుండి లేచి, మనకు వీపు కనబడునట్లు, వంగిన నడుముతో నిలిచిపోయినది. పియానో ముందు కూర్చున్న యువతి తల త్రిప్పి చూచుచున్నది. బల్లయొద్దనున్న పిల్లలలో బాలుని ముఖము విప్పారుచుండగా, అతనికంటె చిన్నదగు బాలిక మాత్రము తానెరుగని మనుష్యుని చూచి బెదరియున్నది. గోడపై కవులైన షెవ్చెంకో, నెక్రాసోవుల చిత్రపటములు వ్రేలాడుచున్నవి. వానిని ఆనవాలు పట్టగల ఆనాటి రష్యను ప్రేక్షకునకు, వచ్చినవాడు రాజ్యమును ధిక్కరించి శిక్షకు గురియైనవాడని వేరుగ చెప్పనక్కర యుండెడిది కాదు. అడుగు పెట్టినవాడు ఇంకను మాటాడలేదు; ఇంటివారును పలుకలేదు; అతడు ఈ యింటికి మరల చెందునా చెందడా యను సంగతి ఇంకను తేలలేదు; కథయంతయు చూపులలోనే జరుగుచున్నది. ఆ యాగంతకుని ముఖమును రేపిన్, చిత్రము త్రెత్యకోవ్ సేకరణమున చేరిన పిమ్మట సైతము, మరల మరల మార్చి దిద్దినాడనిన, ఆ యొక్క చూపుపై చిత్రకారుడెంత భారము నిలిపెనో ఊహింపవచ్చును.

చూపులతో అల్లుకొన్న యీ చిత్రమే చూపును గూర్చిన శాస్త్రమున ఒక ముఖ్యాధారమగుట నాకు మిక్కిలి ఉచితముగ తోచును. 1914లో మాస్కోలో జన్మించిన ఆల్ఫ్రెడ్ లుక్యానోవిచ్ యార్బుస్ అను పరిశోధకుడు, మనుష్యుడు ఒక వస్తువును చూచునప్పుడు అతని కన్ను నిజముగ ఏమి చేయుచున్నదో తెలిసికొనవలెనని చిరకాలము శ్రమించి, ఆ శ్రమఫలమును 1965లో రష్యను భాషలో గ్రంథముగ వెలువరించెను. రెండేండ్లకు అది ఆంగ్లమున పరివర్తితమై లోకమంతట వ్యాపించెను. ఆయన యుపకరణమును గూర్చి చదువునప్పుడు చదువరి రెప్పలు తమంత తామే వాలిపోవును. కనుగ్రుడ్డుపై మత్తుమందు చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండ పట్టీలతో పట్టియుంచి, చిన్న అద్దపుముక్క అమర్చిన మిక్కిలి తేలికయగు మూత నొకదానిని, దాని లోపలి గాలిని కొంత పీల్చివేసిన బలముచేత, తిన్నగ కనుగ్రుడ్డునకే అంటించెడివాడు. కన్ను కదలినంత అద్దము కదలును; అద్దముపై బడిన వెలుగురేఖ పరావర్తనము చెంది, ఎదుటనున్న ఫోటో కాగితముపై కన్ను నడచిన త్రోవనంతను గీతలుగా గీయును. రెప్ప వాల్చుటకు వీలులేదు గనుక ఆ ప్రయోగమును కొన్ని నిమిషములకు మించి సాగింపరాదు. నేటి పరిశోధకుడు కంటిని తాకనైన తాకక, మనకు కానరాని పరారుణ కాంతిని దూరమునుండి ప్రసరింపజేసి, కనుపాపను కెమెరాతో కనిపెట్టుచు, సెకనునకు వేయి పర్యాయములు చూపున్న తావును లెక్కింపగలడు. అయినను ఆ సుఖమైన యుపకరణములతో తరువాతివారు అడిగిన ప్రశ్నలలో అనేకము, ఆ కష్టమైన మూతతో యార్బుస్ అడిగినవే.

రేపిన్ చిత్రపు ప్రతిరూపము నొకదానిని ఎదుట నుంచి, ఒకే మనుష్యునకు దానిని ఏడు మారులు, మారునకు మూడు నిమిషముల చొప్పున, ఆయన చూపించెను. తొలిమారు ఏ నియమమును లేదు; ఇచ్చవచ్చినట్లు చూడవచ్చును. పిదప ఒక్కొక్క మారు ఒక్కొక్క పని: ఈ కుటుంబముయొక్క కలిమి యెంతటిదో చెప్పుము, వీరి వయస్సు లెంతో చెప్పుము, ఈ యతిథి రాకమునుపు వీరేమి చేయుచుండిరో ఊహింపుము, వీరి దుస్తులను జ్ఞాపకముంచుకొనుము, మనుష్యులును వస్తువులును గదిలో ఎచ్చటెచ్చట నున్నవో జ్ఞాపకముంచుకొనుము, వచ్చినవాడు ఇల్లు విడిచి ఎంతకాలమైనదో అంచనా కట్టుము. చిత్రమున ఒక గీతయైన మారలేదు. చూచు కన్నును మారలేదు. కాని కాగితములపై ఏర్పడిన ఏడు రేఖాజాలములును, ఏడు వేరువేరు చిత్రములను చూచిన ఏడుగురి కన్నుల జాడలేమో యనిపించునంత భిన్నములు. వయస్సులను గూర్చి అడిగినప్పుడు చూపు ముఖ్యముగ ముఖమునుండి ముఖమునకు దుమికెను. కలిమిని గూర్చి అడిగినప్పుడు దుస్తులపైనను గృహోపకరణములపైనను వ్రాలెను. ఎంతకాలమైనదని యడిగినప్పుడు ఆగంతకుని ముఖమునకును ఇంటివారి ముఖములకును నడుమ, మగ్గముపై నాడెవలె, ఎడతెగక తిరుగాడెను.

ఈ యేడు బొమ్మలను పరికించినప్పుడెల్ల నాకు కలుగు తలంపు ఒక్కటే. చూపు కంటియందు ఆరంభమగుట లేదు. దానికి ముందే ఒక ప్రశ్న యున్నది. ఆ ప్రశ్న పంపిన చోటికే కన్ను పోవుచున్నది. ఇచ్చవచ్చినట్లు చూడుమన్నప్పుడైనను చూపు చిత్రమునందంతటను సమముగ పరచుకొనలేదు. మనుష్యులను, వారియందును ముఖములనే వెదకికొని పోయెను. అడుగువారు లేనప్పుడు మనుష్యుడు తనలో ఎల్లప్పుడు నిలువయుండు ప్రశ్ననే తనను తానడుగుచున్నాడని నేను గ్రహించితిని: వీరెవరు, వీరు ఒకరినిగూర్చి యొకరు ఏమి తలంచుచున్నారు అని. తల్లి యొడిలోని శిశువు మొదలు అందరము ఆ ప్రశ్నతోనే కన్నులు తెరచినవారము.

యార్బుస్ గమనించిన మరియొక విషయము దీనికంటెను నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది. చూచుటకు కావలసినంత వ్యవధి యున్నప్పుడు, ముఖ్యములగు వానిని ముందు చూచి, మిగిలిన కాలమును అంతవరకు చూడని మూలలకును అప్రధానములగు వివరములకును వినియోగింతుమని ఎవరైనను తలంతురు. అట్లు జరుగలేదు. అధికముగ దొరకిన కాలమును కన్ను తాను మొదట చూచిన వానినే మరల చూచుటకు, ఆ ముఖములనే, ఆ చేతులనే, చుట్టిచుట్టి వచ్చుటకు వెచ్చించెను. తీరిక చాలక మనము లోకమును చూడలేకపోవుచున్నామని చెప్పుకొను మాటలో సత్యము సగమే. ఒక యూరిలో ముప్పది యేండ్లు కాపురముండి, ప్రతిదినము నడచు వీధిలోనే, ఏ యింటి అరుగుపై ఎవరు కూర్చుందురో చెప్పగలిగి, ఆ యింటిముందరి చెట్టు ఏ జాతిదో చెప్పలేనివారు కోకొల్లలు. వారికి లేనిది కాలము కాదు. చెట్టును గూర్చిన ప్రశ్న వారిలో పుట్టలేదు.

అసలు కన్ను ఇట్లు పరుగు లిడవలసిన యవసర మేమి? నేత్రపటలముయొక్క నడుమ ఫోవియా యను చిన్న గుంట యొకటి కలదు. సూక్ష్మరూపములను తేటగ గ్రహించు శక్తి అచ్చటనే యున్నది. చేయి చాచినప్పుడు బొటనవ్రేలి గోరు ఎంత వెడల్పున కనబడునో, ఒక్క క్షణమున మనకు సుస్పష్టమగు ప్రదేశము ఇంచుమించు అంత మాత్రమే. దాని చుట్టును పోనుపోను వివరము పలుచబడును. దృక్‌నాడి నేత్రపటలమును వీడిపోవు తావున ఏమియు కనబడని బిందువే యొకటి యున్నది. ఇంత యల్పమగు స్పష్టతతో ఇంత విశాలమగు లోకమును పొందవలసి కన్ను సెకనునకు సుమారు మూడు మారులు చోటు మార్చుచుండును. మేల్కొనియున్న ఒక్క దినమున ఆ దుముకులు లక్షకు పైబడును. దుముకుచున్నంతసేపు లోకము అలుకుకొనిపోయినట్లు కనబడవలసియుండగా, ఆ యలుకును మనస్సు మనకు తెలియనీయదు. అద్దమున మీ యెడమకంటిని చూచి పిదప కుడికంటిని చూడుడు. ప్రక్కనున్నవారికి మీ కన్నులు కదలుట స్పష్టముగ కనబడును, మీకు మాత్రము అవి కదలుట ఎన్నటికిని కనబడదు. మనకు ఎడతెగక అఖండముగ తోచు లోకము, ఇట్టి ఖండములనుండి ఘడియఘడియకు కట్టబడుచున్నదని తెలిసిన నాడు నేను వీధిలో నడచుచు చాలసేపు నా చూపునే అనుమానముతో గమనించితిని.

అయినచో కన్నును కదలకుండ నిలిపిన స్పష్టత పెరుగునా? దానికిని యార్బుస్ ఆ మూతతోనే సమాధానము రాబట్టెను. చూడవలసిన బొమ్మను ఆ మూతకే తగిలించి, కన్నెటు పోయిన బొమ్మయు అటే పోవునట్లు చేసినచో, నేత్రపటలముపై బింబము రవంతయు జరుగదు. అట్లు జరుగకున్న బింబము కొలది సెకన్లలోనే కరగి మాయమగును. 1950ల తొలి యేండ్లలో ఇంగ్లండునందును అమెరికాయందును ఇతర పరిశోధకులు వేరు పద్ధతులతో ఈ సంగతినే కనుగొనియుండిరి. మనము ఒక బిందువును తదేకముగ చూచుచున్నామనుకొనునప్పుడును కన్ను సూక్ష్మముగ కంపించుచునే యుండును. ఆ కంపనమే చూపును బ్రతికించుచున్నది. దీపశిఖపై దృష్టి నిలిపి త్రాటకము నభ్యసించువారికి చుట్టునున్న వస్తువులు మెల్లమెల్లగ కరగిపోవుట అనుభవసిద్ధము. ఆ కరగుటను 1804లోనే ట్రాక్స్లర్ అను స్విస్ వైద్యుడు వర్ణించియున్నాడు. మార్పు లేనిదానిని కన్ను ఎరుగజాలదు. మహాస్థైర్యమునకు చిహ్నముగ మనము కొనియాడు అచంచలదృష్టి, శరీరధర్మమును బట్టి చూచిన, అంధత్వమునకు సమీపముననున్నది.

కన్ను దుముకునను సంగతి తెలియవచ్చిన తీరును ఇంపుగ నుండును. పుటపైని పంక్తివెంట చూపు తిన్నగ జారిపోవునని అంతవరకు ఎల్లరును నమ్మియుండిరి. 1879 ప్రాంతమున ప్రాగ్ నగరమున ఆచార్యుడుగానున్న ఎవాల్డ్ హేరింగ్, వైద్యుడు గుండెను వినునట్లు రబ్బరుగొట్టములను కంటిరెప్పకు చేర్చి, కంటి కండరముల చప్పుడును వినెను. ఆ చప్పుడు ఎడతెగనిది కాదు, ఆగి ఆగి వచ్చునది. ఫ్రాన్సున ఎమీల్ జవాల్ ప్రయోగశాలయు ఆ కాలముననే అట్టి నిర్ణయమునకే వచ్చెను. ఆ దుముకునకు ఫ్రెంచివారి ‘సాకేడ్’ అను పేరు నేటికిని నిలిచినది. చదువు కన్నులకు ఇంత చేసిన జవాల్, కడపట గ్లకోమా వలన రెండు కన్నులును కోల్పోయి, చూపు పోయినవారు తమ జీవితమును నడపుకొనవలసిన తీరును గూర్చి 1903లో ఒక గ్రంథము వ్రాసెను. ఆ మనుష్యునియందు నాకు గల గౌరవము ఆయన శాస్త్రముచేతనే కలిగినది కాదు.

సుమారు నూరేండ్లు గడచిన పిదప కంప్యూటరు తెర ఈ విద్యకు కొత్త సాధనమైనది. 1975లో జార్జి మెక్‌కాంకీ, కీత్ రేనర్ అనువారు, చదువరి చూపున్న చోట మాత్రము కొన్ని అక్షరములను సరిగ నుంచి, తక్కిన పంక్తినంతను అర్థము లేని గుర్తులతో నింపి, చూపు కదలినంతనే ఆ సరియైన కిటికీయు దానివెంట కదలునట్లు ఏర్పాటు చేసిరి. కిటికీ చాలినంత వెడల్పుగ నున్నచో చదువరికి తన చుట్టును పుటయంతయు చెరపబడియున్నదన్న సంగతియే తెలియదు. ఆంగ్లము చదువునప్పుడు ఆ కిటికీకి చూపునకు ఎడమవైపున మూడు నాలుగు అక్షరములు చాలును, కుడివైపున పదునాలుగు పదునైదు కావలయును. కుడినుండి ఎడమకు సాగు హీబ్రూ చదువునప్పుడు ఇది తలక్రిందగును. రెండు భాషలును ఎరిగినవాడు పుస్తకము మార్చినంతనే అతని చూపు మొగ్గు సైతము మారును. కన్నులు అవియే, మెదడు అదియే. చదువు సాగవలసిన దిక్కును బట్టి చూపు తన వెడల్పును తానే సవరించుకొనుచున్నది.

పత్రికాలయమున చిరకాలము ప్రూఫులు దిద్దినవాడను గనుక ఈ మాటలోని సత్యము నాకు వ్రేళ్లకొసలనున్నది. తెలుగు పంక్తి కుడియెడమలుగ మాత్రమే నడవదు. తలకట్టు, గుడి, ఏత్వములు మీదను, వత్తులు క్రిందను ఉండును. ఒత్తు జారిన అక్షరమును పట్టవలెనన్న చూపు ప్రతి యక్షరమునకు మూడంతస్తులు దిగి ఎక్కవలయును. ఒక వ్యాసమును అర్థము కొరకు చదివినప్పుడు కనబడని ‘ళ్ళ’వత్తు, తప్పుల కొరకు చదివినప్పుడు కంటిలో గ్రుచ్చుకొనును, కాని తప్పుల కొరకు చదివిన పుటలో రచయిత యేమి చెప్పెనో అడిగిన, ఎంతటి ప్రవీణుడును తెల్లబోవును. ఒకరు చిత్తుప్రతిని బిగ్గరగ చదువుచుండ వేరొకరు అచ్చుప్రతిపై పెన్సిలు నడపు పాత పద్ధతి ఏర్పడినది అందుకే. అర్థమును చెవికి అప్పగించి, కన్నును అక్షరమునకు విడిచిపెట్టుట దానిలోని మర్మము. రెండు ప్రశ్నలను ఒక కంటిపై పెట్టరాదని ఆ పని చేయు పెద్దలు శాస్త్రమెరుగకయే ఎరిగియుండిరి.

చేతిపనులయందు ఇది మరింత తేటపడును. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమున మైఖేల్ లాండ్ తన సహపరిశోధకులతో కలిసి, తేనీరు కాచువారి తలకు చిన్న కెమెరా అమర్చి, 1999లో ప్రకటించిన పరిశీలనము ఒకటి కలదు. వంటింటిలో ఎన్ని వస్తువులున్నను ఆ క్షణపు పనికి అక్కరలేనిదానిని కన్ను దాదాపు తాకనే లేదు. చేయి కెటిలునో గిన్నెనో చేరుటకు సుమారు అరసెకను ముందే చూపు అచ్చటికి చేరి, చేయి వచ్చి పని చేపట్టిన తోడనే తదుపరి వస్తువునకు సాగిపోయినది. మరుసటియేట ఆయనయే పీటర్ మెక్లాడ్ తో కలిసి క్రికెట్ బ్యాట్స్‌మెన్ చూపులను పరిశీలించెను. బంతిపైనుండి కన్ను తీయరాదని మన మైదానములందు ప్రతి గురువును బోధించును. కాని బంతి చేయి వీడిన యనంతరము బ్యాట్స్‌మన్ దానిని కొంతసేపు మాత్రమే చూచి, అది నేలపై పడబోవు చోటికి ముందుగనే చూపును దుమికించి, అచ్చట దాని రాకకై కాచుకొనియుండును. మేటి ఆటగాడు తక్కువ ఆటగానికంటె త్వరితముగ ఆ చోటికి చేరును. బంతి యెచ్చటనున్నదను ప్రశ్నకంటె, ఎచ్చటికి రాగలదను ప్రశ్న అతనికి ముఖ్యము. చూపు ఆ భవిష్యత్తుననే నిలిచియున్నది.

ఇంతవరకు వచ్చి, కన్నున్న చోటనే మనస్సున్నదని నిర్ణయించుట సులభము. అది సత్యము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు మహాశాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఒక చీకటిపెట్టెలో అక్షరముల పలక నుంచి, చిన్న రంధ్రపు వెలుగుపై చూపును నిలిపి, విద్యుత్తు మెరుపుతో క్షణకాలము మాత్రమే పలకను వెలిగించి చూచెను. కన్నును కదలించుటకైన వ్యవధి లేని ఆ మెరుపులో, తాను ముందుగ మనస్సు నిలిపిన మూలనున్న అక్షరములను మాత్రము చదువగలుగుచు, చూపు నిలిచిన చోటివానిని సైతము విడువగలుగుచు వచ్చెను. మన న్యాయశాస్త్రజ్ఞులు ప్రత్యక్షజ్ఞానమును వివరించుచు, ఇంద్రియము వస్తువుతో కూడుట చాలదనియు, మనస్సు ఇంద్రియముతోను ఆత్మ మనస్సుతోను కూడవలయుననియు, అణుపరిమాణము గల మనస్సు ఏకకాలమున రెండు ఇంద్రియములతో కూడజాలదనియు సిద్ధాంతీకరించిరి. దీనిని బట్టి నేటి శాస్త్రమంతయు వారికి తెలియునని చెప్పుట నా యభిమతము కాదు. వారు చీకటిపెట్టెలు కట్టలేదు, మెరుపులు మెరయింపలేదు. కాని వివాదము ఎచ్చట నున్నదో వారు సరిగ గుర్తించిరి. కన్నును మనస్సును వేరుచేసి అడిగిరి.

ఆ వేరు ఎంత దారుణమైనదో 2013లో ప్రకటితమైన యొక ప్రయోగము తెలుపును. ట్రాఫ్టన్ డ్రూ, మెలిస్సా వో, జెరెమీ వుల్ఫ్ అనువారు అమెరికాలో 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల సి.టి. స్కానులను ఇచ్చి, క్యాన్సరు కణుపులను వెదకుమనిరి. తుది స్కానులో, సగటు కణుపునకు 48 రెట్లు పెద్దదగు గొరిల్లా బొమ్మ నొకదానిని చేర్చియుండిరి. 24 మందిలో 20 మంది దానిని కనుగొనలేదు. వారి కన్నుల జాడలను పరిశీలింపగా, ఆ ఇరువదిమందిలో అధికసంఖ్యాకుల చూపు తిన్నగ ఆ గొరిల్లాపైననే పడియున్నది. ఇది వైద్యుల అసమర్థతకు నిదర్శనమని కొందరు చాటుట విని నేను నొచ్చుకొంటిని. వారు దశాబ్దముల అభ్యాసముతో తెల్లని చిన్న కణుపును గూర్చిన ప్రశ్నను అంత పదునుగ సానబెట్టుకొనిరి గనుకనే రోగిని రక్షింపగలుగుచున్నారు. ఆ పదును వెలుపలనున్నది వారికి అందకపోవుట ఆ శక్తికి చెల్లించిన వెలయే. స్కానును రెండవ వైద్యుని చేత, మొదటివాని యభిప్రాయమును తెలుపక చూపించు ఆచారము ఉన్నచోట, అది ఎంత విలువైనదో దీనివలన తెలియుచున్నది.

అష్టావధానసభలో కూర్చున్నప్పుడు నేను అవధాని పద్యముకంటె అతని కన్నులను ఎక్కువగ గమనించుట కలదు. తిరుపతి వేంకటకవుల నాటినుండి మన జాతి మక్కువతో పెంచుకొన్న ఆ విద్యలో, ఒకవైపు నిషిద్ధాక్షరి, ఒకవైపు సమస్య, నడుమ అప్రస్తుతప్రసంగము, వెనుక ఎచ్చటనో లెక్కింపవలసిన గంట. పృచ్ఛకుడు ప్రశ్న చెప్పుచున్నంతసేపు అవధాని అతనివైపు చూచును. పద్యపాదమును కట్టుకొను క్షణమున ఆ చూపు జనులందరి తలలమీదుగ పోయి దేనియందును నిలువదు. కఠినమైన ప్రశ్నకు సమాధానము వెదకుచున్నవారు ఎదుటివాని ముఖమునుండి చూపు మరలించుకొందురనియు, అది వారి యాలోచనకు తోడ్పడుననియు మనోవైజ్ఞానికులు ప్రయోగములచేత నిర్ధారించిరి. పాఠశాలలో గురువు ప్రశ్నించినప్పుడు పైకప్పువైపు చూచిన బాలుని, ‘నావైపు చూచి చెప్పు’ అని గద్దించుట ఎంత యన్యాయమో! ఆ బాలుడు చూచుట మానినది ఆలోచించుటకే.

కన్ను జాడను బట్టి మనస్సును చదువవచ్చునను ఆశ మాత్రము ఈ శాస్త్రమును ఎన్నడును విడువలేదు. యార్బుస్ చూపిన ఏడు బొమ్మలనుండి, గీతలను చూచి ప్రశ్నను చెప్పవచ్చునని లోకము అనుకొనెను. 2012లో మిషెల్ గ్రీన్, టామీ లియు, ఇందాక చెప్పిన జెరెమీ వుల్ఫ్ కలిసి దీనిని పరీక్షించిరి. అనేక చిత్రములను వేరువేరు ప్రశ్నలతో చూపించి, ఆ జాడలను కంప్యూటరునకును మనుష్యులకును ఇచ్చి, ఏ ప్రశ్నతో చూచిరో చెప్పుమనిరి. చూచిన చిత్రమేదో, చూచినవారెవరో జాడలనుండి కొంతవరకు తెలిసికొనవచ్చెను; కాని ప్రశ్న యేదో మాత్రము ఊహించి చెప్పినదానికంటె మెరుగుగ ఎవరును చెప్పలేకపోయిరి. రెండేండ్లకు అలీ బోర్జీ, లారెంట్ ఇట్టీ అనువారు వేరు గణనపద్ధతులతో కొంత తెలిసికొనవచ్చునని చూపిరి, కొంత మాత్రమే. నాకు ఈ వివాదమున ఇరుపక్షముల ఫలితములును ప్రియములే. ప్రశ్న చూపును నడపును. కాని నడచిన జాడనుండి ప్రశ్నను తిరిగి రాబట్టుట అంత సులభము కాదు. ఒకే ముఖముపై వయస్సు తెలియగోరిన చూపును నిలుచును, దుఃఖము తెలియగోరిన చూపును నిలుచును.

ఈ భేదమును మరచినవారు నేడు విపణివీథిలో హెచ్చుగ నున్నారు. ప్రకటనలపైనను, దుకాణపు అరలపైనను, ఫోను తెరలపైనను కొనుగోలుదారుల చూపు ఎచ్చట ఎంతసేపు నిలిచినదో కొలిచి, నిలిచినంతసేపును కోరికగ లెక్కగట్టి అమ్ముచున్నారు. రోతపుట్టించు బొమ్మపైనను చూపు నిలుచును. అర్థముగాని అక్షరముపైనను నిలుచును. ఏమియు చూడక ఏదియో తలపోయుచున్న వేళ గోడపైనను నిలుచును. నిలిచిన చూపునెల్ల ఇచ్చయని వ్రాసికొనుట, సాక్షిని మాటాడనీయక తీర్పు వ్రాయుటవంటిది. ఇది నన్ను కలవరపెట్టుచున్నది. కన్ను మనకు ఇంచుమించు స్వాధీనము కానిది, దానిని మనపైననే సాక్ష్యమునకు నిలుపుట న్యాయము కాదు.

ఈ భేదముయొక్క బరువు అందరికంటె ఎక్కువగ తెలిసినవారు, మోటార్ న్యూరాన్ వ్యాధివలన చేయియు నాలుకయు పడిపోయి, కనుగ్రుడ్లు మాత్రము తమ మాట వినుచున్నవారు. తెరపైనున్న అక్షరముపై అరసెకనో సెకనో చూపు నిలిపిన ఆ యక్షరము వ్రాయబడును. అట్లు వారు భార్యతోను బిడ్డలతోను మాటాడుదురు, ఉత్తరములు వ్రాయుదురు. యార్బుస్ నాటి మూతనుండి పుట్టిన విద్య కనబరచిన దయ యింతకు మించినది నేనెరుగను. అయితే చేతికి లేని చిక్కు ఒకటి కంటికి కలదు. చేయి పనిచేయుటకే యున్నది, కన్ను చూచుటకు. చూచుటయే వ్రాయుటయైన వేళ, అక్షరము ఎచ్చటనున్నదో వెదకుట సైతము వ్రాతయగును. ఊరక చూచిన చూపెల్ల ఆజ్ఞయగును. రాబర్ట్ జేకబ్ అను అమెరికను పరిశోధకుడు 1990 ప్రాంతమున దీనికి, ముట్టినదెల్ల బంగారమైపోయిన గ్రీకు పురాణపు రాజు మైడాస్ పేరు పెట్టెను. మనకు భస్మాసురుని హస్తము స్ఫురించును. తెలుగు వ్రాయువానికి ఈ శ్రమ మరింత అధికము: ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, దీర్ఘపు గుడి, ఇట్లు ఆరు చోట్ల చూపును నిలుపవలయును. ఎచ్చటను తొందరపడక, ఎచ్చటను జారిపడక, ఆరుసార్లు. అందుకే, అలసిన కన్నుకొరకు, ఈ యక్షరపలకలను మేలుగ కూర్చువారు తెరపై ఒక ఖాళీ తావును విడుచుచున్నారు. చూపు అచ్చట నిలిచినను ఏమియు వ్రాయబడదు, ఏమియు తెరువబడదు. తెలుగునకు అట్టి పలకను ఎవరైన కూర్చినచో, అక్షరముల అమరికకంటె ముందు నేను చూడగోరునది, ఆ ఖాళీ తావునకు ఎంత చోటు విడిచిరో.